పచ్చళ్ల సైటుకు ప్రైవసీ పాలసీ ఎందుకంటే

ఆవకాయ, గోంగూర అమ్ముకునే చిన్న సైటుకు కూడా ప్రైవసీ పాలసీ కావాలా, అది లేదని పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులు జరిపించే సంస్థ) వాళ్లు ఖాతా ఎందుకు ఆపారని అడిగారు. కావాలండీ. ఆర్డరు కోసం మీరు పేరు, చిరునామా, ఫోను నంబరు తీసుకుంటున్నారు. అవి కొరియర్ వాళ్లకూ వెళ్తున్నాయి. ఆ సంగతి కొనేవారికి చెప్పే పేజీయే ఇది. సందర్శకుల లెక్క కోసం గూగుల్ అనలిటిక్స్ పెట్టుకున్నా, దాని నిబంధనలు ఈ పేజీ ఉండాలంటాయి.

చట్టం మాటకొస్తే, 2011 నాటి ఐటీ నిబంధనలే పాలసీని సైటులో ప్రచురించమన్నాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. అది గరిష్ఠ పరిమితి, మీరు బెంబేలెత్తకండి.

ఎవరిదో పాలసీ తెచ్చి అతికించడం మాత్రం వద్దు. నేనొకసారి ఆ పని చేస్తే, అందులో వేరే దుకాణం పేరు నెలల తరబడి అలాగే ఉండిపోయింది. ఒక కస్టమర్ చెప్పేదాకా నాకు తెలియలేదు! ఏ వివరాలు తీసుకుంటారు, ఎందుకు, ఎవరికి ఇస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు, తొలగించమని ఎవరికి రాయాలి: ఇవి మీ మాటల్లో అర పేజీ రాసి, సైటు అడుగున లింకు పెట్టండి. డబ్బు కట్టడం గేట్‌వే వాళ్ల పేజీలోనే జరిగితే, కార్డు నంబర్లు మీ దగ్గర ఉండవని కూడా చేర్చండి.