పెండ్లి పత్రికలో ‘పరిణయం’ అని వేస్తారు కదా, అంటే ఏమిటి?

పెండ్లే, కాకపోతే పట్టుపంచె కట్టిన మాట. సంస్కృతంలో ‘పరి’ అంటే చుట్టూ, ‘నీ’ ధాతువుకు నడిపించడమని అర్థం. వరుడు వధువు చెయ్యి పట్టుకుని హోమం చుట్టూ నడిపించడమే పరిణయం. నాయకుడు అనే మాట కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. ‘పరి’లోని రకారం వల్ల ‘న’ కాస్తా ‘ణ’ అయింది. కడపలో మా బంధువుల కార్డు మీద ‘పరినయం’ అని పడి, పెండ్లికొడుకు నాయనకు ఒకటే టెన్షన్!

‘వివాహం’లో ఉన్నది ‘వహ్’ ధాతువు. మోసుకుపోవడం, అంటే వధువును తీసుకుపోవడం. ఒంటిమిట్టలో రాములవారికి రాత్రిపూట జరిగేదాన్ని మాత్రం పరిణయం అనగా నేను వినలేదు. అది కల్యాణమే. ఆ మాటకు అసలు అర్థం శుభం.