స్నేహితురాలు పోయిన ఏడాదిలోనే ప్రేమా?

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఎనిమిదో తరగతి నుంచి నాకు ప్రాణంలా ఉన్న ఫ్రెండ్ పది నెలల క్రితం రోడ్డు ప్రమాదంలో చనిపోయింది. అప్పుడు నేను పెద్దగా ఏడవలేదు. అందరూ 'గట్టి పిల్ల' అన్నారు. ఈమధ్య తెలిసినవాళ్లు ఒక నవల ఇచ్చారు. అందులోనూ ఒకమ్మాయి ప్రాణస్నేహితురాలిని పోగొట్టుకుంటుంది. ఆ బాధలో ఉండగా ఒకబ్బాయి పరిచయమవుతాడు, మెల్లగా ప్రేమ పుడుతుంది, చివరికి ఆ అమ్మాయి మళ్లీ మామూలు మనిషవుతుంది. ఒక్క రాత్రిలో చదివేశాను. తను పోయాక మొదటిసారి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ తర్వాత ఎన్నిసార్లు చదివానో.

మా ఇద్దరికీ ఫ్రెండ్ అయిన ఒకబ్బాయి ఈ పది నెలల్లో నాకు బాగా దగ్గరయ్యాడు. మొదట్లో పోయిన నా ఫ్రెండ్ గురించే మాట్లాడుకునేవాళ్లం, ఇప్పుడు అన్నీ మాట్లాడుకుంటాం. అతనంటే నాకిష్టమని అర్థమవుతోంది. కానీ నా ఫ్రెండ్‌కి కూడా అతనంటే ఇష్టం. ఆ మాట నాకొక్కదానికే చెప్పింది, అతనికి తెలీదు. అతనితో నవ్వుతూ గడిపిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టదు. తన వాట్సాప్ చాట్ తెరిచి 'సారీ' అని టైప్ చేసి చెరిపేస్తాను. వాళ్లమ్మగారి మొహం చూడలేక వాళ్లింటికి వెళ్లడమే మానేశాను. నవల్లో అమ్మాయి బాగుపడింది కదా, నాకెందుకు ఇలా ఉంది? నేను తనకు ద్రోహం చేస్తున్నానా? తన మనసులో మాట అతనికి చెప్పేయాలా?

జవాబు: నీ వయసు చూసి 'నువ్వు' అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ముందు ద్రోహం సంగతి తేల్చేద్దాం. నీకు నిద్ర లేకుండా చేస్తున్నది అదే కాబట్టి. నీ స్నేహితురాలు బతికుండగా నువ్వు అతని వెంట పడలేదు. తను చెప్పిన రహస్యం ఎవరి దగ్గరా విప్పలేదు. తను పోయిందని తెలిశాక అతనికి దగ్గరవ్వాలని ప్లాన్ వేయలేదు. ఒకే మనిషిని పోగొట్టుకున్న మీరిద్దరూ ఆ మనిషి గురించి మాట్లాడుకుంటూ దగ్గరయ్యారు. తన జోకులు, అలకలు, మొండితనం మీ ఇద్దరికీ తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? అక్కడ ఇష్టం పుట్టడంలో ద్రోహం నాకైతే ఎక్కడా కనిపించలేదు.

అయినా నేను లేదన్నంత మాత్రాన నీ గుండెల్లో ముల్లు ఊడిపోదని తెలుసు. కావలసినవాళ్లు పోయాక, వాళ్లు లేకుండా మనకు జరిగే ప్రతి మంచీ కొన్నాళ్లు ఇలాగే గుచ్చుకుంటుంది. కొత్త డ్రెస్ వేసుకున్నా, మంచి మార్కులొచ్చినా, సినిమా చూసి పగలబడి నవ్వినా, 'తనకు లేనిది నాకెందుకు' అనిపిస్తుంది. నీ విషయంలో ఆ బాధ ఈ అబ్బాయి మీదికి మళ్లింది. తను అతన్ని ఇష్టపడకపోయి ఉంటే ఇదే గిల్టీ ఫీలింగ్ ఇంకేదో సాకు వెతుక్కునేది. రేపు ఉద్యోగం వచ్చిన రోజు చూడు, మళ్లీ తలుపు తడుతుంది.

ఇక నవల. ఆ పుస్తకం నీకు మేలే చేసింది. పది నెలలు లోపల బిగబట్టుకున్న ఏడుపు దాని వల్లే బయటికొచ్చింది. 'గట్టి పిల్ల' అన్నవాళ్లు మంచి మనసుతోనే అని ఉంటారు, కానీ ఆ మాటతో నీ నోరు కట్టేశారు. ఇంట్లో ఒకరు పోతే తల్లిదండ్రులను పలకరిస్తారు, అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను పలకరిస్తారు. స్నేహితురాలిని ఎవరు పలకరిస్తారు? నాలుగు రోజులయ్యాక 'ఇంక చదువు మీద దృష్టి పెట్టు' అంటారు. కెన్నెత్ డోకా అనే అమెరికన్ ప్రొఫెసర్ 1989లో ఇలాంటి, చుట్టుపక్కల వాళ్ల లెక్కలోకి రాని దుఃఖం మీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే తెచ్చాడు. స్నేహితుల మరణం అలాంటిదే. నీ బాధకు బయట దొరకని చోటు ఆ కథలో దొరికింది. ఎన్నిసార్లు చదవాలనిపిస్తే అన్నిసార్లు చదువు.

దాన్ని టైమ్ టేబుల్‌గా మాత్రం పెట్టుకోకు. నా దగ్గరికి వచ్చే పిల్లలు ఇస్తుంటారు కాబట్టి ఇలాంటి నవలలు నేనూ చదువుతాను. చాలావాటిలో ఆ అబ్బాయి పాత్ర దగ్గరే నాకు పేచీ. సరిగ్గా కావలసిన పేజీలో వస్తాడు. అతనికి పరీక్షలుండవు, చిరాకుండదు, ఇంట్లో గొడవలుండవు. ఆ అమ్మాయి కన్నీళ్లు తుడవడమే అతని పని. ఆమె మళ్లీ నవ్వగానే కథ అయిపోతుంది. ఆ తర్వాతి నెలలో ఆమె బస్సులో కూర్చుని ఉన్నట్టుండి ఏడిస్తే రాయడానికి రచయితకు పేజీలు మిగలవు.

నీ జీవితంలో ఉన్న అబ్బాయి వేరు. అతనూ ఫ్రెండ్‌ని పోగొట్టుకున్నాడు. మగపిల్లాడు కాబట్టి 'గట్టివాడివి' అని కూడా ఎవరూ అని ఉండరు, అసలు అడిగే ఉండరు. నీ ఉత్తరంలో అతను నిన్ను ఓదార్చినట్టు తెలుస్తోంది, అతన్ని ఎవరు ఓదార్చారో తెలియలేదు. ఈసారి మాట్లాడుకున్నప్పుడు 'నీకు ఎలా ఉంది' అని అడిగి, మధ్యలో అందుకోకుండా విను. అతను నీ మందు అనుకున్నంత కాలం, అతను ఒక రోజు సరిగ్గా మాట్లాడకపోయినా నీకు లోకం తలకిందులవుతుంది. అంత బరువు 20 ఏళ్ల కుర్రాడెవడూ మోయలేడు.

'నాకెందుకు ఇలా ఉంది' అని అడిగావు. దుఃఖానికి ఐదు మెట్లుంటాయనీ, ఒక్కోటీ ఎక్కితే పైకి చేరిపోతామనీ ఎక్కడో విని ఉంటావు. ఆ ఐదు దశల గురించి ఎలిజబెత్ కుబ్లర్-రాస్ అనే డాక్టర్ 1969లో రాసింది, చావు దగ్గరపడిన రోగులతో మాట్లాడి. తర్వాత అది బతికున్నవాళ్ల దుఃఖానికీ కొలబద్ద అయి కూర్చుంది. నాకు అంతకన్నా పనికొచ్చేది 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు చెప్పిన మాట. మనిషి దుఃఖంలో ఒకసారి పోయినవాళ్ల వైపు, ఒకసారి మిగిలిన బతుకు వైపు ఊగుతూ ఉంటాడన్నారు. ఆ ఊగడంలోనే తట్టుకునే బలం వస్తుందన్నారు. మధ్యాహ్నం క్యాంటీన్లో నవ్వి, రాత్రి తన చాట్ తెరిచి ఏడవడం నీకు పిచ్చిలా అనిపిస్తోంది. నాకైతే మామూలుగా ఊగుతున్నట్టే ఉంది. రెండేళ్ల తర్వాత కూడా అప్పుడప్పుడు ఊగుతావు, మధ్యలో ఎడం పెరుగుతుంది.

ఆ చాట్ డిలీట్ చేయమని ఎవరైనా అంటే వినకు. పోయినవాళ్లను మరిచిపోతేనే ముందుకు వెళ్లగలమన్నది పాత నమ్మకం. వాళ్లతో బంధాన్ని వేరే రూపంలో నిలుపుకుంటూ హాయిగా బతికేవాళ్లు ఎందరో ఉన్నారు. కాకపోతే ఒక జాగ్రత్త. వాడకంలో లేని నంబర్లను కంపెనీలు కొన్నాళ్లకు వేరేవాళ్లకు ఇచ్చేస్తాయి. ఏదో ఒక రోజు ఆ చాట్‌లో ముక్కూమొహం తెలియని మనిషి ఫోటో కనిపిస్తే తట్టుకోవడం కష్టం. అందుకని తన మెసేజ్‌లు, వాయిస్ నోట్లు, ఫోటోలు ఇప్పుడే వేరేచోట దాచుకో. తనకు చెప్పాలనుకున్నవి ఒక నోట్‌బుక్‌లో రాయి, అక్కడ టైప్ చేసి చెరిపే పని ఉండదు. 'సారీ' ఒక్కటే రాయకు. అతని గురించి రాయి. తను ఉంటే నిన్ను ఏమని ఏడిపించేదో, ఎంత కోప్పడేదో, ఆ తర్వాత ఏమనేదో రాయి. తనతో నీకున్న చనువు నాకు తెలీదు, నీకు తెలుసు. తన తరఫున నిన్ను క్షమించడం నాకు చేతకాదు. తన గొంతు గుర్తున్నది నీకే.

అతనికి చెప్పేయాలా అన్నావు. ఇప్పుడు వద్దు. దాచడం మోసం అనేవాళ్లుంటారు, నేను ఒప్పుకోను. అది తన రహస్యం, నిన్ను నమ్మి చెప్పింది. పైగా చెబితే ఏమవుతుందో ఆలోచించు. తనతో గడిపిన ప్రతి రోజునూ అతను మళ్లీ తవ్వుకుంటాడు. 'ఆ రోజు అందుకే అలా చూసిందా, నేను పట్టించుకోలేదా' అని. జవాబు చెప్పడానికి తను లేదు. అతని దుఃఖానికి ఇంకొక గిల్టీ ఫీలింగ్ జోడించినట్టవుతుంది. నువ్వెందుకు చెప్పాలనుకుంటున్నావో కూడా ఒకసారి చూసుకో. 'పర్లేదులే' అని అతని నోట వినాలనా? ఆ మాట ఇవ్వగలిగిన మనిషి అతను కాడు. మీ ఇద్దరి మధ్య బంధం నిలబడి, ఏళ్లు గడిచి, ఈ సంగతి గోడలా అడ్డం నిలిస్తే అప్పుడు ఆలోచించు. ఈలోగా ఒక్కదానివే మోయలేకపోతే తనను ఎరగని ఎవరికైనా చెప్పు, అక్కకో, కాలేజీ కౌన్సెలర్‌కో.

ఇష్టం సంగతికొస్తే, తొందరేమీ లేదు. మీ ఇద్దరినీ కలిపింది తను లేకపోవడం ఒక్కటేనా, ఇంకేమైనా ఉందా అన్నది కాలం గడిస్తేనే తేలుతుంది. 'ఇప్పుడు అన్నీ మాట్లాడుకుంటాం' అన్నావు, అది మంచి గుర్తే. ఏదైనా విషయంలో గట్టిగా పోట్లాడుకుని మళ్లీ కలిశారా? వారం రోజులు మాట్లాడుకోకపోతే అతను గుర్తొస్తున్నాడా, లేక తన గురించి మాట్లాడే మనిషి లేడని దిగులేస్తోందా? అతనికి నీ మీద అదే అభిప్రాయం లేకపోవచ్చు కూడా. అలాగైతే నీకు రెండోసారి ఒకరిని పోగొట్టుకున్నట్టు ఉంటుంది. కాబట్టి నీ లోకమంతా అతనొక్కడే కాకుండా చూసుకో. పాత ఫ్రెండ్స్ గ్రూపు ఒకటి ఉండే ఉంటుంది, వాళ్ల ఫోన్లు ఎత్తడం మానేసి ఉంటావు. ఎత్తు.

నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది వాళ్లింటికి వెళ్లడం మానేశానన్న మాట. నీ మొహంలో నవ్వు చూస్తే ఆ తల్లి నొచ్చుకుంటుందని నీ భయం. బిడ్డను పోగొట్టుకున్న తల్లుల్లో చాలామంది నాతో అన్నది వేరు. తమ బిడ్డ పేరెత్తేవాళ్లు రోజురోజుకీ తగ్గిపోతున్నారని వాళ్ల దిగులు. నువ్వు రాకపోతే ఆవిడ 'దీనికీ చదువు పని పడిందిలే' అనుకుంటూ ఉంటుంది. వెళ్లు. ఆ అబ్బాయి గురించి చెప్పక్కర్లేదు. ఆవిడ చూడని ఫోటో ఒకటి నీ ఫోన్లో ఉంటుంది, క్లాసు ఎగ్గొట్టి తీసుకున్నదో ఏదో. అది చూపించు. ఆవిడ ఏడిస్తే ఏడవనీ, పక్కనే కూర్చో.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకు. 'తనతో పాటే నేనూ పోయి ఉంటే బాగుండు' అనిపిస్తున్నా, వారాల తరబడి నిద్ర, తిండి లేకపోయినా, క్లాసులకు వెళ్లడమే మానేసినా, ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి సైకియాట్రిస్ట్‌నో సైకాలజిస్ట్‌నో కలువు. విడవని దుఃఖాన్ని అమెరికన్ సైకియాట్రిస్టులు 2022లో మానసిక జబ్బులను గుర్తించడానికి వాడే తమ మాన్యువల్లో జబ్బుగా చేర్చారు. దానికి పెద్దవాళ్లకు కనీసం 12 నెలలు, పిల్లలకు 6 నెలలు గడువు పెట్టారు. ఆ గడువు జబ్బు పేరు పెట్టడానికే. సాయం అడగడానికి గడువు లేదు, రేపైనా వెళ్లొచ్చు.

ఇంకో రెండు నెలల్లో ఏడాది అవుతుంది. ఆ రోజు దగ్గరపడేకొద్దీ బాధ మళ్లీ మొదటికొచ్చినట్టు అనిపిస్తుంది, అందరికీ అంతే. ఆ వారంలో పరీక్షలేమైనా ఉన్నాయేమో ఇప్పుడే చూసుకో, ఇంట్లో ఒకరికి ముందే చెప్పి పెట్టు. ఆ రోజు అతనితో గడపాలా, ఒక్కదానివే ఉండాలా అని తర్జనభర్జన పడతావు. నన్నడిగితే ఇద్దరూ కలిసి వాళ్లింటికి వెళ్లండి. వాళ్లమ్మగారికి ముందురోజు ఫోన్ చేసి, రావొచ్చా అని అడుగు.