షెఫీల్డ్‌లో వాకింగ్ గ్రూపులో చేరాలా? ముందు గెస్ట్‌గా వెళ్ళి నడిచి చూడండి

మీరు రాసింది చదివాను. షెఫీల్డ్‌కి వచ్చి ఏడాదైంది, వారాంతాల్లో పక్కనే ఉన్న పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లో నడిచే గ్రూపులో చేరాలని ఉంది, కానీ ఫోటోల్లో అందరూ రిటైరైన ఇంగ్లిష్‌వాళ్ళే కనిపిస్తున్నారు అన్నారు. వాళ్ళ మధ్య ఇమడగలనా, వాళ్ళ నడకను అందుకోగలనా, శాకాహారిని కదా తిండి సంగతేంటి అని అడిగారు.

నేనూ ఈ ఊళ్ళోనే ఉంటాను, చాలా ఏళ్ళుగా ర్యాంబ్లర్స్ అనే నడక సంఘంతో నడుస్తున్నాను. మనుషుల గురించి మీరు పడుతున్న టెన్షన్ అక్కర్లేదండీ. వేగం గురించి, బూట్ల గురించి మాత్రం కాస్త చూసుకుని వెళ్ళండి.

వెళ్ళడం చాలా సులువు. ముందే సభ్యత్వం కట్టక్కర్లేదు, మూడు నడకల దాకా గెస్ట్‌గా ఉచితంగా రానిస్తారు. ఆ తర్వాత నచ్చితే కట్టండి. ఒకసారి సభ్యులైతే దేశంలో ఎక్కడి ర్యాంబ్లర్స్ గ్రూపుతోనైనా నడవొచ్చు. వాళ్ళ వెబ్‌సైట్‌లో మీ పోస్ట్‌కోడ్ కొడితే దగ్గర్లో ఉన్న వాక్‌లన్నీ తేదీ, దూరం, ఎక్కడ కలవాలి అన్న వివరాలతో వస్తాయి. లీడర్ రాసిన నాలుగు లైన్లు పూర్తిగా చదవండి. బురద ఉంటుందా, గోడలు ఎక్కి దిగాలా, మధ్యలో కేఫ్ ఉందా అన్నవి అందులోనే ఉంటాయి. బయల్దేరే టైముకి పది నిమిషాల ముందు చేరి, లీడర్‌తో "నేను కొత్త" అని చెప్పండి. అంతకుమించి పరిచయం అక్కర్లేదు.

గ్రేడు ఎంచుకోవడం దగ్గర జాగ్రత్త. ఈజీ, లీజర్లీ, మోడరేట్, స్ట్రెన్యువస్ అని పెడతారు. రోజూ పార్కులో గంట నడుస్తాం కదా అని చాలామంది మోడరేట్‌తో మొదలుపెడతారు. పార్కు నడక వేరు, కొండ నడక వేరు. ఇక్కడివాళ్ళు ఇప్పటికీ వాడే లెక్క ఒకటుంది, 1892లో నెయిస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన చెప్పింది: సమతలం మీద గంటకి 5 కిలోమీటర్లు, ఆపైన ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. హాదర్‌సేజ్ స్టేషన్‌లో దిగి స్టానేజ్ ఎడ్జ్ అనే రాతి కొండ అంచు పైకి వెళ్ళాలంటే దగ్గర దగ్గర 300 మీటర్లు ఎక్కాలి. అంటే దూరానికి పట్టే టైము కాకుండా అదనంగా అరగంట ఎక్కుడు. ఆగకుండా, అదీ వానలో కావచ్చు. డెబ్భై దాటినవాళ్ళు ఆ ఎక్కుడులో కబుర్లు చెప్పుకుంటూ మనల్ని దాటిపోతారు. వాళ్ళు పరిగెత్తరు, ఆగరు కూడా. కాబట్టి మొదటిసారి 8 కిలోమీటర్ల లోపు లీజర్లీ నడక చూసుకోండి. అదీ ఎక్కువనిపిస్తే ర్యాంబ్లర్స్ వాళ్ళే వెల్‌బీయింగ్ వాక్స్ అని చిన్న చిన్న నడకలు ఉచితంగా పెడతారు, వాటితో మొదలుపెట్టండి.

ఇక మనుషుల సంగతి. మీ భయం నాకు బాగా తెలుసు. ఆఫీసు పార్టీలో గ్లాసు పట్టుకుని ఎవరి ముందు నిలబడాలో, ఏం మాట్లాడాలో తెలియక పడే ఇబ్బంది గుర్తొచ్చి ఉంటుంది మీకు. నడకలో ఆ ఇబ్బంది ఉండదు. ఇద్దరూ పక్కపక్కన నడుస్తూ ముందుకే చూస్తుంటారు. మాట ఆగిపోతే ఎవరికీ ఏమీ అనిపించదు, గాలి, గొర్రెలు, దారి ఉన్నాయి. పైగా ఈ కొండల్లో పొలానికీ పొలానికీ మధ్య రాతి గోడలు. గోడ దాటడానికి స్టైల్ ఉంటుంది: కొన్నిచోట్ల గోడలోంచే బయటికి పొడుచుకొచ్చిన రాతి మెట్లు, కొన్నిచోట్ల రెండు రాళ్ళ మధ్య మనిషి మోకాళ్ళు దగ్గరపెట్టుకుని దూరేంత సందు. అక్కడ అందరూ ఒక్కొక్కరే దాటాలి. దాటేసరికి మీ పక్కన ఉన్నావిడ ముందుకు వెళ్ళిపోయి ఉంటారు, ఇంకొకాయన పక్కకి వస్తారు. మధ్యాహ్నానికి సగం గుంపుతో మాట్లాడేసి ఉంటారు. ముఖాలు తెలుస్తాయి, ఎవరి మోకాలికి ఆపరేషన్ అయిందో, ఎవరి మనవరాలు యూనివర్సిటీలో ఉందో తెలుస్తుంది. యార్క్‌షైర్ యాస మొదట్లో పట్టుబడదు, "మళ్ళీ చెప్పండి" అని అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. ఆడా మగా తేడా లేకుండా అందర్నీ "లవ్" అని పిలుస్తారు, అది ఇక్కడి ఆప్యాయత.

"మీది ఏ దేశం?" అని అడుగుతారు. నేను నొచ్చుకున్న సందర్భం లేదు. మీకు మీ వయసువాళ్ళే కావాలనుకుంటే కొన్ని నగరాల్లో ఇరవైలు, ముప్ఫైల్లో ఉన్నవాళ్ళకి వేరే గ్రూపులున్నాయి, అవీ చూడండి. కానీ పెద్దవాళ్ళ గ్రూపుని ఫోటో చూసి కొట్టేయొద్దు. వాళ్ళకి తెలిసినంత దారి ఇంకెవరికీ తెలియదు.

మంచి గ్రూపో కాదో తెలుసుకోవడానికి నేను చూసేవి రెండే. బయల్దేరే ముందు లీడర్ మనుషుల్ని లెక్కపెట్టి, చివర నడిచే బ్యాక్‌మార్కర్ ఎవరో చెబుతారా? ప్రతి గేటు దగ్గర వెనకవాళ్ళు వచ్చేదాకా ఆగుతారా? ఒక గ్రూపులో వెనకబడ్డవాళ్ళు చేరుకోగానే ముందున్నవాళ్ళు లేచి బయల్దేరేవారు. అంటే అలిసినవాళ్ళకి విశ్రాంతే లేదు. అలాంటిది కనిపిస్తే మొహమాటపడకుండా ఇంకో గ్రూపు చూసుకోండి.

మీరు అడగలేదు కానీ, ఈ నడకల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన సంగతి చెప్పకుండా ఉండలేను. ఈ బాటల్లో చాలావరకు ప్రైవేటు పొలాల్లోంచే పోతాయి. ఒకసారి ఊరికి తూర్పు వైపు నడుస్తుంటే ఫుట్‌పాత్ తిన్నగా గోధుమ చేలోకి దిగింది. మాది తెనాలి దగ్గర పల్లె. పైరులో కాలు పెడితే మా తాత ఊరుకునేవాడు కాదు. గట్టు ఎక్కడుందా అని చూస్తూ ఆగిపోయాను. లీడర్ మ్యాపు మడత విప్పి చేను మధ్యలోంచి పోతున్న ఆకుపచ్చ గీతల వరస చూపించారు. అలాంటి బాటను రైతు దున్ని విత్తుకున్నా, 14 రోజుల్లోగా కనీసం మీటరు వెడల్పున మళ్ళీ నడవడానికి వీలుగా చేయాలి, అది చట్టం. చూస్తే నిజంగానే మొలకల మధ్య ట్రాక్టరు చక్రంతో తొక్కించిన దారి ఉంది. చుట్టూ తిరిగి పోవడం మనకి మర్యాదగా అనిపిస్తుంది గానీ, ఇక్కడ మర్యాద ఆ గీత మీదే ఒకరి వెనక ఒకరు నడవడం.

ఇంగ్లండ్, వేల్స్ కలిపి ఇలాంటి హక్కు ఉన్న దారులు సుమారు 2,25,000 కిలోమీటర్లు. వీటిని ఎవరో దయతో ఇవ్వలేదు. షెఫీల్డ్‌కి చెందిన బెర్ట్ వార్డ్ 1900లోనే కార్మికులతో క్లారియన్ ర్యాంబ్లర్స్ అనే నడక క్లబ్ మొదలుపెట్టారు. అప్పట్లో ఈ కొండల మీద పెద్ద భూస్వాములు వేటపక్షుల కోసం కాపలా పెట్టి జనాన్ని రానిచ్చేవారు కాదు. 1932 ఏప్రిల్ 24న వందల మంది కావాలనే ఇక్కడి కిండర్ స్కౌట్ కొండ ఎక్కారు, ఐదుగురు జైలుకి వెళ్ళారు. వాళ్ళలో అందర్నీ ముందుండి నడిపించిన బెన్నీ రోత్‌మన్‌కి అప్పటికి ఇరవయ్యేళ్ళు. 1935లో ర్యాంబ్లర్స్ సంఘం, 1949లో నేషనల్ పార్కులకి, నడక దారులకి చట్టం, 1951లో దేశంలో మొదటి నేషనల్ పార్కుగా పీక్ డిస్ట్రిక్ట్, 2000లో బయలు కొండల మీద స్వేచ్ఛగా తిరిగే హక్కు వచ్చాయి. హోప్ స్టేషన్ నుంచి లూజ్ హిల్ ఎక్కే నడక దొరికితే వదలకండి. ఆ శిఖరం మీది నేలను 1945లో నడిచేవాళ్ళంతా వార్డ్‌కి కానుకగా ఇస్తే, ఆయన దాన్ని ఇలాంటి చోట్లని అందరికోసం కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థకి ఇచ్చేశారు. ఇప్పటికీ దాన్ని వార్డ్స్ పీస్ అనే అంటారు. మన దగ్గర డొంకలు ఏడాదికింత పక్క పొలాల్లో కలిసిపోవడం చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి, ఇక్కడ విరిగిన స్టైల్ కనిపిస్తే ఫోటో తీసి కౌన్సిల్‌కి పంపే ముసలాయన్ని చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. సభ్యత్వం డబ్బు కూడా ఇలాంటి పనులకే పోతుంది, అందుకే సంతోషంగా కడతాను.

ఇప్పుడు సామాను. జీన్స్ వద్దు, ఒకసారి తడిస్తే సాయంత్రం దాకా ఆరవు, కాళ్ళు గడ్డకట్టుకుపోతాయి. డెకాత్లాన్‌లాంటి చోట దొరికే మామూలు ట్రెక్కింగ్ ప్యాంటు చాలు. బూట్లకి మాత్రం డబ్బు పెట్టండి. మందపాటి సాక్స్ వేసుకుని వెళ్ళి కొనండి, దిగుడులో వేళ్ళు ముందుకు తగలకుండా కాస్త ఖాళీ ఉండాలి. వానకోటు ఎండాకాలంలోనూ సంచీలో ఉండాల్సిందే.

తిండి ఎవరిది వాళ్ళే తెచ్చుకుంటారు, కాబట్టి శాకాహారం సమస్యే కాదు. పులిహోర, పెరుగన్నం రుచిగానే ఉంటాయి గానీ చలికి అన్నం గట్టిపడుతుంది. పైగా చేతులకి బురద, కడుక్కోవడానికి నీళ్ళుండవు. బంగాళాదుంప కూర పెట్టి చుట్టిన చపాతీ రోల్, కాగితం పట్టుకునే తినేయొచ్చు. ఫ్లాస్కులో టీ. చివర్లో పబ్‌కి వెళ్తారు, మందు తాగాలని ఎవరూ బలవంతపెట్టరు, సగం మంది కాఫీయే తీసుకుంటారు. టాయిలెట్లు దారిలో ఉండవు, బయల్దేరే ఊళ్ళోనే చూసుకోండి. మధ్యలో అవసరమైతే బ్యాక్‌మార్కర్‌తో చెబితే ఆగుతారు.

ఆవుల విషయం ప్రత్యేకంగా చెబుతున్నాను. మనకి ఆవు కనిపిస్తే నిమిరి దణ్ణం పెట్టుకోవడం అలవాటు. ఇక్కడ పచ్చికలో దూడలతో ఉన్న మంద దగ్గరికి వెళ్ళొద్దు, తల్లికీ దూడకీ మధ్యలోంచి అసలు పోవద్దు. గుంపుతో కలిసి నెమ్మదిగా, దూరంగా దాటండి. గేటు మూసి ఉంటే దాటాక మళ్ళీ మూయండి, తెరిచి ఉంటే అలాగే వదిలేయండి.

కారు లేదన్నారు. పర్వాలేదు, షెఫీల్డ్ నుంచి మాంచెస్టర్ వెళ్ళే హోప్ వ్యాలీ రైలు లైను మీద గ్రిండిల్‌ఫర్డ్, హాదర్‌సేజ్, బామ్‌ఫర్డ్, హోప్, ఈడేల్ అన్నీ నడకలు మొదలయ్యే ఊళ్ళే. వెబ్‌సైట్‌లో స్టేషన్ దగ్గర మొదలయ్యేవి చూసుకోండి, తిరుగు రైలు టైము ముందే రాసిపెట్టుకోండి. వీలైతే ఏప్రిల్, మే నెలల్లో మొదలుపెట్టండి, అప్పుడు అడవుల్లో బ్లూబెల్స్ అనే నీలం పూలు ఉంటాయి. అప్పటిదాకా ఆగలేకపోతే చలికాలంలోనూ వెళ్ళొచ్చు, కానీ డిసెంబర్‌లో నాలుగయ్యేసరికి చీకటి పడుతుంది, చిన్న హెడ్‌టార్చ్ ఒకటి సంచీలో వేసుకోండి.