మేడి పట్టే చేయి

ప్రశ్న: మాధవరంలో మాకో గోదాము ఉంది. మూడు టన్నుల ట్రైలర్లను ఇరుకు సందులోంచి షెడ్డులోకి చేర్చడానికి ఈమధ్య బ్యాటరీతో నడిచే చిన్న యంత్రం కొన్నాం. ట్రైలర్ ముందు కడ్డీని దానికి తగిలించి, పిడి పట్టుకుని ఒక్క మనిషే పక్కన నడుస్తూ తీసుకుపోతాడు. మా దగ్గర పనిచేసే నెల్లూరు, శ్రీకాకుళం కుర్రాళ్ల కోసం తెలుగులో బోర్డు రాయించాలి. నేను 'ఈడ్చే యంత్రం' అన్నాను. మా అకౌంటెంట్ 'తోసే యంత్రం' అనాలంటాడు. ఏది ఒప్పు? ఆ పిడికి తెలుగులో మాట ఉందా? ట్రైలర్ అని రాస్తే సినిమా ట్రైలర్ అనుకోరు కదా?
– ఒక పాఠకుడు, చెన్నై

సమాధానం: మీ ఇద్దరి మాటా సగం సగం ఒప్పే. ఆ యంత్రం ఒకసారి లాగుతుంది, ఒకసారి తోస్తుంది. రెండూ చేసేదానికి ఒక పని పేరే పెడితే రెండోది బోర్డు మీద లేకుండా పోతుంది. 'జరుపు' అనండి. బీరువా జరుపుతాం, మంచం జరుపుతాం. బరువైనదాన్ని ఉన్నచోటి నుంచి కొంచెం కొంచెంగా కదిపి, కావలసిన చోట సరిగ్గా నిలపడమే జరపడం. అది ఏ పక్కకైనా చెల్లుతుంది. ఇంత మంచి మాటను ఇప్పుడు పండగలకూ విచారణలకూ వదిలేశాం. వస్తువు కదిలిందంటే చాలు, పత్రికల్లో 'తరలించారు' అని పడుతుంది. తరలడమంటే ఉన్నచోటు విడిచి వెళ్లడం. గోడ పక్క నుంచి మూరెడు ఇవతలికి వచ్చిన ట్రైలర్ ఎక్కడికీ తరలలేదు, జరిగింది.

ఈడ్చడంలో నేలను ఒరుసుకుంటూ రావడం ముఖ్యం. కాళ్లు ఈడుస్తాం, చక్రాలున్నదాన్ని లాగుతాం. అయితే ఎద్దులు బండి ఈడ్చాయనే వాడుక కూడా ఉంది కాబట్టి మీది తప్పనలేను. తోయడమంటే ఆనించి బలం పెట్టడం. నెట్టడంలో విసురు ఉంది, ఇరుకు సందుకు పనికిరాదు. 'పుష్ చేయి, పుల్ చేయి' అని మాత్రం రాయించకండి. మొసలి ఏనుగును మడుగులోకీ, ఏనుగు మొసలిని గట్టుకీ గుంజుకునే ఘట్టాన్ని పోతన 'కరిఁ దిగుచు మకరి సరసికిఁ, గరి దరికిని మకరిఁ దిగుచు' అని ఒకే క్రియతో రెండు పక్కలా బిగించి చూపించాడు. ఆ 'తిగుచు' మనకు జారిపోయింది. మిగిలిన 'లాగు'నైనా పోగొట్టుకోవద్దు.

ఇక పిడి సంగతి. దానికి మాట ఉంది, మేడి. ఇది చెప్పడానికి చెన్నైని మించిన చోటు లేదు.

ఇక్కడి బ్యాంకుల అద్దాల తలుపులు చూడండి. తమిళంలో ఒకవైపు 'తళ్ళు' (తోయి) అనీ, రెండోవైపు 'ఇళు' (లాగు) అనీ ఉంటుంది. ఆ ఇళు, మీరు బోర్డు మీద రాద్దామనుకున్న ఈడ్చు తోబుట్టువులు. అందులోని ళకారం మన 'కళ'లో ఉన్నది కాదు, నాలుకను ఇంకా వెనక్కి మడిచి పలికేది. తమిళులు తమ భాష పేరు చివర పలికేది దాన్నే. ఒకప్పుడు మనకూ ఆ అక్షరం ఉండేది. కడప ప్రాంతాన్ని ఏలిన రేనాటి చోళుల శాసనాల్లో కనిపిస్తుంది. 11వ శతాబ్దిలో నన్నయ భారతం చెప్పేనాటికే తెలుగులోంచి వెళ్లిపోయింది. వెళ్లిపోతూ చాలా మాటల్లో తన చోట డకారాన్ని కూర్చోబెట్టింది. తమిళంలో ఏళు, మనకు ఏడు. వాళ్లకు కోళి, మనకు కోడి. వాళ్ల చోళులే మన చోడులు. అదే దారిలో వాళ్ల మేళి మన మేడి అయింది. మేడి అంటే నాగలికి వెనక నిలిచి ఉండే చేతిపిడి, దున్నేవాడు పట్టుకునేది. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు రెండు భాషలూ రోజంతా మాట్లాడతారు. ఈ జతలు వాళ్లకు ఎవరూ చూపించడం లేదు. బడిలో ఒక్క పీరియడ్ చాలు దీనికి. అది కూడా జరగకపోవడం నాకు బాధగా ఉంటుంది.

మేడి అనగానే వేమన 'మేడిపండు చూడ మేలిమై యుండు' గుర్తొస్తుంది. అది అత్తిజాతి చెట్టు, మాట వేరు.

మేడే ఎందుకంటున్నానంటే, మేడి పట్టినవాడు నాగలిని లాగడు. లాగేవి ఎద్దులు. నాగటిచాలు ఎంత లోతు, ఎటు వంపు అన్నది తేల్చేది మేడి మీది చేయి. మీ యంత్రం పనీ ఇదే. బలం మోటారుది. ట్రైలర్ ముందు బరువు కొంత దాని చక్రాల మీద పడుతుంది కాబట్టి అవి జారకుండా నేలను పట్టుకుంటాయి. మనిషి ఇచ్చేది దారి, వేగం. ఒక్కటే తేడా. మేడి వదిలినా ఎద్దులు సాగిపోతాయి. ఇలాంటి యంత్రాల్లో పిడి వదలగానే బ్రేకు పడేలా అమరుస్తారు. మీ దాంట్లోనూ అలాగే ఉంటే బోర్డు మీద పెద్ద అక్షరాలతో మొదట రాయవలసిన వాక్యం 'మేడి వదిలితే ఆగుతుంది' అన్నదే. 20 అడుగులకు ఒక అడుగు లేచే వాలు చూపుకు ఆనదు. దాని మీద మీ మూడు టన్నుల ట్రైలర్ దాదాపు 150 కిలోల బలంతో కిందికి గుంజుతుంది. భయపడి ఎదురు నిలబడి ఆపబోయే కుర్రాడికి ఆ వాక్యం ముందే తెలిసి ఉండాలి. చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టాకే కడ్డీ విప్పాలన్నది రెండో వాక్యం.

ఆ కడ్డీకీ మాట ఉంది, నొగ. కన్నడంలో నొగ అన్నా, తమిళంలో నుగం అన్నా కాడి. మనకు మాత్రం బండి నుంచి ముందుకు సాగి కాడిని అందుకునే దూలం.

బోర్డు రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త. తెలుగులో కర్తనూ కర్మనూ చెప్పకుండా వాక్యం నడపడం మనకు అలవాటు. కబుర్లలో బాగుంటుంది, ఇక్కడ కొంప ముంచుతుంది. 'కుడికి తిప్పు' అంటే దేన్ని? ట్రైలర్ తన ఇరుసు చక్రాల దగ్గర తిరుగుతుంది కాబట్టి నొగ కుడికి పోతే వెనక కొస ఎడమకు పోతుంది. వెనక నిలబడి సైగ చేసేవాడు ఒకటి చెప్తే, మేడి దగ్గరివాడు దానికి ఎదురు చేస్తాడు. ట్రైలర్ వెళ్లి గోడకు తగులుతుంది. అందుకని 'నొగ కుడికి', 'వెనక కొస కుడికి' అని విడమరిచి రాయించండి. అరిచి చెప్పేటప్పుడు కూడా అలాగే చెప్పమనండి.

యంత్రంతో నడిచే మనిషిది 'నడపడం' అనవచ్చు. తోలడమంటే వెనక నుంచి అదిలించడం. రాయలసీమలో కారునూ తోలుతారు, దాన్ని తప్పుపట్టను. కానీ మీ మనిషి తను నడుస్తూ యంత్రాన్ని నడుపుతున్నాడు. ఆ క్రియకు ఇంతకన్నా సరిపోయే చోటు దొరకదు.

ఇంత చెప్పినా మేడి, నొగ అనే రాసి తీరాలని పట్టుబట్టను. సేద్యం ఎరగని ఇంట పెరిగిన కుర్రాళ్లకు అవి తెలియకపోవచ్చు. ముందు వాళ్లనే అడగండి. శ్రీకాకుళం వాళ్లు ఒకటి, నెల్లూరు వాళ్లు ఇంకొకటి చెప్పవచ్చు. ఇద్దరికీ తెలిసిన మాట దొరికితే అదే రాయించండి. దొరకకపోతే పిడి, కడ్డీ చాలు. అందరికీ అర్థం కావడం ముఖ్యం. యంత్రం పేరు 'ట్రైలర్ జరిపే యంత్రం' అనడానికి మాత్రం నాకు సందేహం లేదు.

ట్రైలర్‌ను అలాగే ఉంచండి. గోదాము గోడ మీద చదివి సినిమా అనుకునేవారు ఉండరు. పల్లెల్లో ట్రాక్టరుకు తగిలించేదాన్ని తొట్టి అంటారు. అయితే దానికి చుట్టూ అంచులుండాలి. మీవి బల్లపరుపుగా ఉండేవైతే ఆ మాట కుదరదు.