ఘాట్ ఎక్కుతుండగా ఇంజిన్ ఆగిపోతోందా? పంపు మార్చేముందు ఆర్‌పీఎం ముల్లును చూడండి

రాయగడ నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. పదేళ్లు దాటిన పెట్రోలు కారు. లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ వెళ్తుంటే, ఎక్కుడు మొదలైన కాసేపటికి ఉన్నట్టుండి ఇంజిన్ ఆగిపోతోంది. పావుగంటో ఇరవై నిమిషాలో పక్కన నిలబెడితే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్ అవుతోంది. బ్యాటరీ మార్చారు, ప్లగ్గులు మార్చారు. ఇప్పుడు షెడ్డులో ఫ్యూయల్ పంపు మార్చాలంటున్నారు. పెద్ద వయసు తండ్రిని కోరాపుట్ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి తరచూ తీసుకెళ్లే బండి అది. పంపు మార్చేయాలా?

ఇప్పుడే మార్చకండి. పంపు పాడై ఉండే అవకాశం లేకపోలేదు. కానీ మీరు చెప్పిన లక్షణాలను బట్టి నేను ముందుగా అనుమానించేది వేరే పార్టును. దాన్ని తేల్చుకోవడానికి డబ్బు ఖర్చు లేదు. బండి ఆగిన ఆ కొద్ది నిమిషాల్లో ఏం చూడాలో తెలిస్తే చాలు.

నేను జయపురంలో ఉంటాను. కోరాపుట్, సునాబెడ, సుంకి మీదుగా సాలూరు దిగి విజయనగరం వెళ్లే దారి మాకు సొంత వీధి లాంటిది. నా పెట్రోలు కారు కూడా సరిగ్గా ఇలాగే, సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కుతుండగా, ఎండాకాలంలో, ఇంటిల్లిపాదీ లోపల ఉండగా ఆగిపోయింది. చల్లారాక నడిచింది, మరోసారి మళ్లీ ఆగింది. ఒక షెడ్డులో ప్లగ్గులు, ఇంకో షెడ్డులో ఇగ్నిషన్ కాయిలు మార్చారు. జబ్బు అలాగే ఉంది. చివరికి దాన్ని పట్టుకున్నది సునాబెడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి విమాన ఇంజిన్ల కర్మాగారంలో పనిచేసి రిటైరైన మా పొరుగాయన. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. ఆయన స్పానర్ పట్టుకోలేదు. ‘ఆగేముందు గుంజిందా? ఆగినప్పుడు ఆర్‌పీఎం ముల్లు ఎక్కడుంది? లైట్లన్నీ వెలిగాయా?’ అని వరుసగా అడిగారు. ఆర్‌పీఎం ముల్లు అంటే ఇంజిన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో డ్యాష్‌బోర్డులో చూపించే ముల్లు. కొలవకుండా ఏదీ విప్పకూడదన్నది ఆయన పద్ధతి. నాకు తెలిసినంతలో ఈ సమస్యకు అంతకు మించిన మందు లేదు.

మా కారులో పాడైంది క్రాంక్‌షాఫ్ట్ సెన్సార్. వేలెడంత ఉంటుంది. పిస్టన్ల కదలికతో తిరిగే ఇంజిన్ ప్రధాన ఇరుసే క్రాంక్‌షాఫ్ట్. దానితో పాటు తిరిగే పళ్ల చక్రం పక్కన ఈ సెన్సార్‌ను బిగిస్తారు. ఒక్కో పన్ను ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఇంజిన్ కంప్యూటర్‌కు ఒక సంకేతం పంపుతుంది. ఏ సిలిండర్‌లో ఎప్పుడు పెట్రోలు చిమ్మాలో, ఎప్పుడు నిప్పురవ్వ పుట్టించాలో కంప్యూటర్ లెక్కకట్టేది ఆ సంకేతంతోనే. అది ఆగిపోతే ఇంజిన్ తిరుగుతోందో లేదో కంప్యూటర్‌కు తెలియదు. వెంటనే పెట్రోలునూ స్పార్క్‌నూ రెండింటినీ ఆపేస్తుంది. ఈ సెన్సార్లలో చాలావాటి లోపల వెంట్రుక లాంటి రాగి తీగ చుట్ట ఉంటుంది. అది పాతబడి ఎక్కడైనా చిట్లితే, వేడికి వ్యాకోచించినప్పుడు ఆ చీలిక తెరుచుకుంటుంది, చల్లారాక మళ్లీ అతుక్కుంటుంది. ఊళ్లో తిరిగితే రాని జబ్బు ఘాట్‌లోనే ఎందుకు వస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది. తక్కువ గేరులో, ఎక్కువ లోడుతో, నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడు ఇంజిన్ గది వేడెక్కినంతగా మైదానపు రోడ్డు మీద వేడెక్కదు.

ఇక మీరు చూడవలసినవి. నడిపేవారు రోడ్డు మీది నుంచి కళ్లు తిప్పకూడదు కాబట్టి, పక్కన కూర్చున్నవారిని డ్యాష్‌బోర్డును ఫోనులో వీడియో తీయమనండి. ఇంజిన్ ఆగినా, బండి గేరులోనే ఉండి క్లచ్ వదిలి ఉంటే, చక్రాలు ఇంజిన్‌ను తిప్పుతూనే ఉంటాయి. అంటే ముల్లు ఎంతో కొంత చూపించాలి. బండి కదులుతూ ఉండగానే ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోయి, మిగతా లైట్లు మామూలుగా వెలుగుతుంటే అనుమానం క్రాంక్ సెన్సార్ మీదికి, లేదా దాని వైరింగ్ మీదికి వెళ్లాలి. ముల్లుతో పాటు లైట్లన్నీ పోతే అది కరెంటు సరఫరా తెగడం. వదులైన బ్యాటరీ టెర్మినల్, తుప్పు పట్టిన ఎర్త్ వైరు, అరిగిన తాళం స్విచ్ చూడాలి. ముల్లు సున్నాకు పడకుండా, బండి మొదట గుంజుకుంటూ బలం తగ్గి, యాక్సిలరేటర్ తొక్కినా పుంజుకోకుండా ఆగితే అప్పుడు పెట్రోలు సరఫరాను అనుమానించాలి.

పక్కన నిలిపాక రెండో పరీక్ష. తాళం ‘ఆన్’ వరకే తిప్పి చెవి వెనక సీటు వైపు పెట్టండి. చాలా కార్లలో పంపు రెండు సెకన్ల పాటు సన్నగా గుయ్యిమంటుంది. ఆ చప్పుడు వినిపించి, సెల్ఫ్ తిరుగుతున్నా స్టార్ట్ కాక, తిరిగేటప్పుడు ముల్లు కొంచెం కూడా లేవకపోతే మళ్లీ సెన్సారే. కొన్ని మోడళ్లలో సెల్ఫ్ తిరిగేటప్పుడు ముల్లు ఎలాగూ కదలదు. కాబట్టి మీ బండి బాగున్నప్పుడు ఎలా ఉంటుందో ముందే ఇంటి దగ్గర చూసి పెట్టుకోండి. చేయి అందే చోట సెన్సార్ ఉంటే, తడి గుడ్డను దాని మీద కొద్దిసేపు ఉంచి స్టార్ట్ చేయండి. ఇరవై నిమిషాలు పట్టేది రెండు మూడు నిమిషాల్లో స్టార్ట్ అయితే దొంగ దొరికినట్టే. నీళ్లు మాత్రం గుమ్మరించకండి. పక్కనే కాలే సైలెన్సర్ గొట్టం ఉంటుంది, చెయ్యి కూడా జాగ్రత్త.

పంపు చప్పుడే వినిపించకపోతే మీ మెకానిక్ మాట నిజం కావచ్చు. అప్పుడు కూడా ముందు ఫ్యూజు, ఆ తర్వాత రిలే (పంపుకు కరెంటు కలిపే చిన్న స్విచ్) చూడాలి. హారన్‌కు సరిగ్గా అదే నంబరు రిలే ఉంటే, దాన్ని తీసి పంపు రిలే స్థానంలో పెట్టి చూడవచ్చు. ఇంకొకటి అడగాలి: ఆగిన రోజుల్లో ట్యాంకులో పెట్రోలు ఎంత ఉంది? పంపు ట్యాంకు లోపలే ఉంటుంది, చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. పావు ట్యాంకు కంటే తక్కువతో ఘాట్ ఎక్కితే పంపు వేడెక్కుతుంది, నిటారు మలుపుల్లో పెట్రోలు ఒక పక్కకు ఒరిగి పంపు గాలి పీల్చే ప్రమాదమూ ఉంది. ట్యాంకు మూత తీయగానే గాలి లోపలికి బుస్సుమని దూసుకెళ్లి, ఆ తర్వాత బండి బాగా నడిస్తే ట్యాంకులోకి గాలి వెళ్లే గొట్టం మూసుకుపోయిందని అర్థం. పంపు మార్చాలని ఎవరైనా అంటే, బండి ఆగినప్పుడు ప్రెషర్ గేజ్ పెట్టి చూపించమనండి. వేడిమీద ప్రెషర్ పడిపోవడం కళ్లారా చూశాక డబ్బు కట్టండి.

‘ఎయిర్ లాక్’ అనే మాట, అంటే పెట్రోలు వేడికి పైపులో ఆవిరై దారికి అడ్డుపడటం, మన షెడ్లలో బాగా వినిపిస్తుంది. కార్బురేటర్ల కాలంలో అది నిజమైన జబ్బే. ట్యాంకులోనే పంపు ఉండి ఒత్తిడితో పెట్రోలు పంపే ఇంజెక్షన్ కార్లలో అది చాలా అరుదు. ఆ ఒక్క మాటతో సరిపెట్టుకోకండి.

సిగ్నల్ దగ్గర, స్పీడ్‌బ్రేకర్ దగ్గర నెమ్మదించినప్పుడు మాత్రమే ఆగే బండి కథ వేరు. అక్కడ ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీలో మసి తీయిస్తే చాలావరకు పోతుంది. బంకులో పెట్రోలు పోయించుకున్న వెంటనే మొదలైతే నీళ్లు కలిసి ఉండవచ్చు. పెట్రోలులో కలిపే ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, నీరు ఎక్కువైతే విడిపోయి ట్యాంకు అడుగుకు, అంటే పంపు పీల్చే చోటుకే చేరుతుంది. డీజిల్ బండి అయితే ఫిల్టర్‌లో చేరిన నీళ్లు వదలండి, డీజిల్ పైపుల్లో గాలి చొరబడుతోందేమో చూడండి.

ఇవన్నీ తర్వాత. నడుస్తూ ఉండగా ఆగిన క్షణంలో ఏం చేయాలో ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరికీ తెలియాలి. తాళం బయటికి తీయవద్దు, స్టీరింగ్ లాక్ పడుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది కానీ తిరుగుతుంది, రెండు చేతులతో బలంగా తిప్పండి. బ్రేకు తేలిగ్గా పడేలా చేసే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్లకే సరిపోతుంది. పదే పదే తొక్కి వదలకండి, ఒకసారి తొక్కి గట్టిగా పట్టి ఉంచండి. దిగుడులో ఆగితే న్యూట్రల్‌కు వెళ్లకండి, క్లచ్ తొక్కి ఉంచకండి. గేరులో వదిలేస్తే చక్రాలు ఇంజిన్‌ను తిప్పుతాయి, ఆ ఇంజిన్ బండిని నిలువరిస్తుంది, బూస్టర్‌కు వాక్యూమ్ కూడా అందుతూ ఉంటుంది. పెట్రోలు ఆదా అవుతుందని దిగుడులో కావాలనే ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో జారేవాళ్లను సుంకి ఘాట్‌లో ఇప్పటికీ చూస్తుంటాను. దయచేసి మీరు ఎప్పుడూ అలా చేయకండి. ఎక్కుడులో ఆగితే మిగిలిన వేగంతోనే ఎడమ అంచుకు చేరి, హ్యాండ్ బ్రేకు లాగి, మొదటి గేరులో ఉంచి, వెనక చక్రం కింద రాయి పెట్టండి. హెచ్చరిక త్రికోణాన్ని మలుపు తర్వాత కాదు, మలుపుకు ముందు పెట్టాలి. లోడు లారీవాళ్లకు బ్రేకు వేసే దూరం దొరకాలి కదా. పెద్దవాళ్లను బండిలో కూర్చోబెట్టకుండా రోడ్డుకు దూరంగా నిలబెట్టండి. జాతీయ రహదారి అయితే 1033కు, అత్యవసరమైతే 112కు ఫోను చేయవచ్చు. వెళ్లేటప్పుడు ఆ రాయి తీసేయండి. రాత్రి వచ్చే బైకు ఆయనకు అది కనబడదు.

షెడ్డుకు వెళ్లినప్పుడు ఆ వీడియో చూపించండి. స్కానర్ పెట్టించి, క్రాంక్ సెన్సార్ తప్పును సూచించే పీ0335 కోడ్ ఉందేమో చూడమనండి. కోడ్ లేదంటే సెన్సార్ బాగుందని కాదు, అప్పుడప్పుడు వచ్చే తప్పు చాలాసార్లు నమోదు కాదు. బండి బాగా వేడెక్కాక, ఇంజిన్ నడుస్తుండగా స్కానర్ చూపే లైవ్ డేటాలో ఆర్‌పీఎం చూడటమే మేలు. సెన్సార్ మార్చేటట్టయితే కంపెనీ పార్టే వేయించండి, దాని కనెక్టర్‌ను, ఎలుక కొరికిన వైర్లేమైనా ఉన్నాయేమో కూడా చూడమనండి. మా కారులో సెన్సార్ మార్చాక సుంకి ఘాట్‌లో మళ్లీ ఆగలేదు.

అది తేలేవరకు నాన్నగారిని ఆ కారులో ఘాట్ ఎక్కించకండి. రాయగడ నుంచి కోరాపుట్‌కు రైలు ఉంది, ఆసుపత్రి తేదీ దగ్గరపడితే అందులో వెళ్లండి. కారు మోడల్, ఏ సంవత్సరం బండి, ఆగినప్పుడు ముల్లు ఏం చూపించిందో రాస్తే తర్వాత ఏం చూడాలో చెబుతాను.