పంటినొప్పికి డోలో, లివర్‌కి సెలైన్

ప్రశ్న: మా ఆయనకు 42 ఏళ్లు. శనివారం రాత్రి పంటినొప్పి మొదలైంది. ఆదివారం డెంటిస్టు దొరకలేదు, సోమవారం డ్యూటీ మానలేకపోయారు. ఆ రెండు రోజులూ రోజుకు ఆరు డోలో 650, మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి మాత్రలు మూడు, పడిశం కూడా ఉందని జలుబు మాత్రలు రెండు వేసుకున్నారు. సోమవారం రాత్రి ఒకటే వాంతులు. ఆస్పత్రిలో లివర్ రక్తపరీక్ష చేసి ఎస్.జి.పి.టి. పెరిగి 380 ఉందన్నారు. పారాసిటమాల్ లెవెల్ కోసం రక్తం హైదరాబాద్ పంపి, రిపోర్టు రాకముందే ఏదో మందు సెలైన్‌లో ఎక్కించడం మొదలుపెట్టారు. మాత్రలు మింగి చావబోయిన వాళ్లకిచ్చే మందని ఎవరో అనేసరికి మా అత్తగారు ఒకటే ఏడుపు. తీరా రిపోర్టులో లెవెల్ తక్కువే వచ్చింది. అనవసరంగా ఎక్కించారా? ఇకమీదట జ్వరమొస్తే డోలో వేసుకోవచ్చా?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: అనవసరం కాదమ్మా. ఆ డ్యూటీ డాక్టరు స్థానంలో నేనున్నా రిపోర్టు కోసం ఆగేవాణ్ని కాదు.

ముందు లెక్క చూడండి. ఆరు డోలోలంటేనే 3,900 మిల్లీగ్రాముల పారాసిటమాల్. పెద్దవాళ్లకు రోజంతటికీ గరిష్ఠ మోతాదు 4,000. షాపువాళ్లిచ్చే నొప్పి మాత్రల్లో ఎసిక్లోఫెనాక్‌తో పాటు సాధారణంగా 325 పారాసిటమాల్ ఉంటుంది. జలుబు మాత్రల్లో చాలావాటిలో 500. అన్నీ కలిపితే రోజుకు దాదాపు ఆరు గ్రాములు! మీ వారు మూడు రకాల మందులు వేసుకున్నాననుకున్నారు, లివర్‌కి చేరింది మాత్రం ఒకటే మందు. పైగా పంటినొప్పితో సరిగ్గా తిని ఉండరు. పారాసిటమాల్‌లో కొంత భాగం లివర్‌లో విషపదార్థంగా మారుతుంది. దాన్ని విరిచేసే గ్లూటాథయోన్ నిల్వలు తిండి లేనప్పుడు తగ్గిపోతాయి. సెలైన్‌లో ఎక్కించిన ఎన్-ఎసిటైల్ సిస్టీన్ చేసే పని ఆ నిల్వల్ని మళ్లీ నింపడమే.

ఇక లెవెల్ సంగతి. మాత్రలన్నీ ఒకేసారి మింగి, ఆ టైము కచ్చితంగా తెలిసినప్పుడు వాడే గ్రాఫు ఒకటుంది. 1975లో రుమాక్, మాథ్యూ అనే ఇద్దరు డాక్టర్లు ప్రచురించారు. మింగిన నాలుగు గంటల తర్వాత తీసిన రక్తంలో లెవెల్ మిల్లీలీటరుకు 150 మైక్రోగ్రాములు దాటితే విరుగుడు ఇవ్వాలని చాలా దేశాల్లో లెక్క. బ్రిటన్‌లో 2012 నుంచి ఆ గీతను 100కే దించారు. నాలుగు గంటలలోపు తీసిన రక్తం మీద ఆధారపడలేం, మందు ఇంకా కడుపులోంచి ఎక్కుతూనే ఉంటుంది. మీ వారిలా రెండు రోజులు విడతలు విడతలుగా వేసుకున్నవాళ్లకు ఈ గ్రాఫు అసలు పనికిరాదు. రక్తంలోంచి మందు వెళ్లిపోయినా లివర్‌కి జరిగిన దెబ్బ మిగిలే ఉంటుంది. అందుకే ఇలాంటి కేసుల్లో ఎస్.జి.పి.టి. పెరిగి ఉన్నా, రక్తంలో మందు ఇంకా కనిపిస్తున్నా, విరుగుడు మొదలుపెట్టేస్తాం.

ఒకేసారి మింగినవాళ్లకు ఎనిమిది గంటలలోపు ఇది మొదలైతే లివర్ దాదాపు ఎప్పుడూ దక్కుతుంది. ఆ టైము దాటి వచ్చినవాళ్లకు ముందు సెలైన్ పెట్టాకే రిపోర్టు చూస్తాం. ఆలస్యమైనా ఉపయోగం ఉంటుంది. మొదటి రోజు మనిషి మామూలుగానే తిరుగుతుంటాడు, అదే మోసం. ‘బాగానే ఉన్నాడుగా, ఇంటికి తీసుకెళ్తాం’ అని సంతకం పెట్టి వెళ్లిపోయే బంధువులతో వాదించి గొంతు పోగొట్టుకున్న రోజులున్నాయి నాకు.

మీ అత్తగారితో చెప్పండి, ఈ మందు కొడుకు ఉద్దేశాన్ని బట్టి ఇచ్చింది కాదు, లివర్ పరిస్థితిని బట్టి ఇచ్చింది. ఎవరైనా నిజంగానే కావాలని మింగి ఉంటే మాత్రం పరువుకు భయపడి టైమునీ మాత్రల సంఖ్యనీ దాచకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.

మెడికల్ షాపులో స్ట్రిప్పుని కత్తెరతో కత్తిరించి నాలుగు మాత్రలు చేతిలో పెడతారు, మందు పేరున్న ముక్క అక్కడే ఉండిపోతుంది. పేరు కనిపించేలా కత్తిరించమనండి, లేదా బిల్లు అడగండి.

డోలో జన్మలో ముట్టకూడదనేం లేదు. ఎస్.జి.పి.టి. నార్మల్‌కి వచ్చి, మీ డాక్టరు సరేనన్నాక జ్వరానికి మామూలు మోతాదులో వాడుకోవచ్చు, మందు తాగే అలవాటు ఉంటే ఇంకా తక్కువలో. ఈలోగా ఆ పన్ను చూపించండి. నొప్పి మాత్ర రాసేముందు ఈ డిశ్చార్జి కాగితం డెంటిస్టుకి ఇవ్వండి.