మట్టిని తీసే తీరును బట్టే నీటి లెక్క

చిరంజీవి సౌమ్యకు ఆశీస్సులు.

వరంగల్ చుట్టుపక్కల నల్లరేగడి చేలలోనూ ఎర్ర చల్కల్లోనూ నేల ఎంత నీటిని పట్టి ఉంచుతుందో కొలవబోతున్నానని, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టిన మట్టి సరిపోతుందా అని నీవు అడిగావు. సగం పనికి సరిపోతుంది బిడ్డా.

1500 కిలోపాస్కల్‌ల ఒత్తిడి దగ్గర, అంటే పైరు వడలి తేరుకోలేని స్థాయిలో, నీరు బంకరేణువులను అంటుకునే ఉంటుంది కనుక మట్టిని పొడి చేసినా ఫలితం పెద్దగా మారదు. ఫీల్డ్ కెపాసిటీగా, అంటే అదనపు నీరు ఇంకిపోయాక నేల పట్టి ఉంచే నీటి స్థాయిగా, మనం తీసుకునే 33 కిలోపాస్కల్‌ల దగ్గర మాత్రం నీటిని నిలిపేది ఎక్కువగా మట్టి అల్లిక. వేళ్లు, వానపాములు చేసిన దారులు, గడ్డల మధ్య సందులు జల్లెడలో పోయాక, బంకమట్టి సాధారణంగా చేనులో కంటే ఎక్కువ నీటిని చూపుతుంది. పైరుకు అందే నీరు ఈ రెండింటి తేడాయే కాబట్టి, ఆ పొరపాటు నేరుగా రైతుకు చెప్పే తడుల లెక్కలోకి దిగుతుంది. అందుకే 33 కిలోపాస్కల్‌ల కొలతకు అల్లిక చెదరని మట్టిని రింగుతో, అంటే రెండు వైపులా తెరిచి ఉన్న లోహపు గొట్టం ముక్కతో, తియ్యి; 1500 కిలోపాస్కల్‌ల కొలతకు జల్లించినది వాడుకో.

రింగు దించేటప్పుడే అసలు జాగ్రత్త కావాలి. అంచు పదునుగా ఉండాలి, లోపల పలుచగా గ్రీజు రాయాలి, సుత్తితో బాదకుండా పైన చెక్క పెట్టి నిదానంగా నొక్కాలి. దిగిన తరువాత రింగు లోపలి మట్టి, బయటి నేల ఒకే మట్టంలో ఉన్నాయో లేదో వంగి చూడు. 5 సెంటీమీటర్ల ఎత్తులో లోపలి మట్టి 2 మిల్లీమీటర్లు కుంగినా, 4 శాతం నొక్కుకుపోయినట్టే. ముందుగా పోయేవి పెద్ద రంధ్రాలు. దానిని పారేసి పక్కన మరొకటి తియ్యి. అడుగును కత్తితో రుద్దితే బంక మెత్తుకొని రంధ్రాలు మూసుకుపోతాయి, కనుక కొద్దికొద్దిగా చెక్కాలి. ప్రయోగశాలలో పై నుంచి నీళ్లు పోస్తే గాలి లోపలే చిక్కుకుంటుంది. అడుగు నుంచి మెల్లగా నాననివ్వు, రేగడికి ఎక్కువ కాలం పడుతుంది.

రేగడితో ఇంకో చిక్కు ఉంది. తడి తగ్గేకొద్దీ అది ముడుచుకొని రింగు గోడను వదులుతుంది. అప్పుడు మట్టి ఘనపరిమాణం రింగుది కాదు. బరువు లెక్కన వచ్చిన తేమను సాంద్రతతో హెచ్చించేటప్పుడు, ఏ తేమ దగ్గరి సాంద్రత వాడావో రాయకపోతే ఆ అంకెను ఎవరూ నమ్మలేరు. మైనం పూసిన గడ్డను నీటిలో తూచి సాంద్రత కనుక్కోవచ్చు గానీ, గడ్డల మధ్య బీటలు దానిలో లెక్కకు రావు.

చల్కలో ఇబ్బంది మొరం. రింగు రాయికి తగిలితే దానిని తోసుకుంటూ దిగి ఖాళీ మిగులుస్తుంది. అటువంటి చోట గుంట తవ్వి, తీసిన మట్టినంతా ఆరబెట్టి తూచి, గుంటలో పలుచని ప్లాస్టిక్ పరచి నీళ్లు కొలిచి పోసి, గుంట ఘనపరిమాణం తెలుసుకోవడమే నయం. జల్లెడపై మిగిలిన రాళ్లను కూడా తూచు. సన్నమట్టి విలువను వాటి వాటా మేరకు తగ్గించకపోతే చల్క లేని నీటిని చూపిస్తుంది.

దున్నిన వెంటనే, బీటలు విచ్చిన ఎండాకాలంలో, కాలు కూరుకుపోయే బురదలో నమూనాలు తీయవద్దు. వానాకాలం చివరన, మంచి వాన పడి అదనపు నీరు ఇంకిపోయాక వెళ్లు. ప్రతి రింగుపై లోతు, తీసిన పద్ధతి, ముందటి వాన తేదీ అక్కడే రాసుకో.

ఆశీస్సులతో,
మీ పెద్దబాపు